కంచకు కంచె

నగరంల మూడు వందల గజాలు అమ్మి
కోయిల్‌కొండ తొవ్వల ఇరవై మూడెకరాల కంచ కొన్న.
లెక్క నేనే జేసిన, మా జిరాక్సు షాపుల, చిత్తు కాగితం ఎనక:
లక్షా పదకొండు వేల మూడు వందల ఇరవై గజాలు.
చెన్నకేశులు నవ్విండు. దళారి గద, గజాలల్లనే నవ్వుతడు.
"రాళ్ళు, ముళ్ళకంప. ఏం జేసుకుంటవ్ దమయంతక్కా?
జేసీబీ నేనే తోలిస్త, రెండొద్దులల్ల
గుండు గీసినట్టు నున్నగయితది."

తాసిల్ ఆఫీసుల వేలు పెట్టిన.
మిషను గుర్తువట్టలే. మూడుసార్లు.
ఇరవై ఆరేండ్లు మంది కాగితాలు తిప్పి తిప్పి
గీతలు అరిగినయంట.
కొంగుకు తుడ్సుకొని నాలుగోసారి పెడితే
నాదైంది.

పాత పహాణీల ఆ నేల గురించి ఒక్కటే మాట: పడావు.
అసుంటి పహాణీలు ఎన్ని వేలు తీసిన్నో,
రూపాయిన్నర కాపీకి,
ఆ మాట దిక్కు ఎన్నడు సూడలే.

పోయి నిలవడితే
పడి ఉన్నదొక్కటి లేదు.
తంగేడు నడుమెత్తు లేసింది.
బండ నెర్రెల కెళ్ళి బిల్లుడు చెట్టు ఒంకరగా ఎల్లింది,
ఎవరి మీదనో అలిగినట్టు.
బలుసుపొద కింద కౌజు
నన్ను జూసి ఉరికింది, ఎగరలే;
ఎగిరేంత మనిషిని కాదనుకున్నదేమో.
ఇరవై ఆరేండ్లు నేను
ఒకటి పెడితే రెండొచ్చే మిషను పక్కన కూసున్న.
దీనికి రెండో కాపీ రాదు.

"సుట్టూ కంచె ఎప్పుడు?" అని చెన్నకేశులు ఫోన్‌ల.
కంచకు కంచె.
షాపుల టైపు జేస్తే ఒక్క ఎత్వం తేడా.
ఐదు వందల కడీలకు బయానా ఇచ్చిన,
ఇయ్యకపోతే పక్క వెంచరోడు
ఎర్రజెండా జరిపి పాతుతడని బుగులు.

ఆ పొద్దు గుట్ట మలుపుల
ముప్పై మేకల ఎనక జమ్ములమ్మ ఎదురైంది.
కట్టె భుజం మీద, రెండు చేతులు కట్టె మీద.
"నువ్వేనా కొన్నది?"
ఊఁ అన్న.
"మరి రేపటి కెళ్ళి నిన్ను అడిగి రావాల్నా?"
నోట్ల మాట ఆగింది.
మేకలు చిగురు తింటయని నాకెర్కే.
మెల్లగ అన్న గూడ: లేత మొక్కలు బతకాలె కదమ్మా అని.

ఆమె గుట్ట దక్షిణం దిక్కు కట్టె సాపింది.
"అటు జూడు. తొలకరి పడి నెలయ్యేదాంక అటు తోలం.
మా మామ పెట్టిన మాట. ఆయన పోయి పన్నెండేండ్లాయె.
ఆడ కలే చెట్లు, ఆరె, పాలకొడిసె.
ఈడు మీది మేక గూడ అటు మొకం పెట్టదు.
అలవాటు వడ్డది."
అటు నడిచి జూసిన.
గీత లేదు, తీగ లేదు, ముల్లుకట్టె లేదు.
చిగురొక్కటే ఎక్కువున్నది.

అప్పుడు సిగ్గయిందో, కోపమొచ్చిందో
ఇప్పటికీ తెలుస్తలేదు.
అన్ని లక్షలు పోసి కొన్నదానికి
ముందే ఒక మాట చుట్టి ఉన్నది,
ఏ పాసుబుక్కుల రాయనిది.

కడీలు తొవ్వ పక్కన దింపి పోయిండ్రు.
పాతలే. వద్దని గూడ అనలే.
చెన్నకేశులు వారానికొక రేటు జెప్తడు,
రోడ్డొస్తదంట, ఇంకేదో కంపెనీ అంట.
రాత్రిళ్ళు ఆ రేటు నా చెవుల తిరుగుతది,
అబద్ధమెందుకు.

మొన్న పొద్దుమూకి మళ్ళి వస్తుంటే
పరికిముల్లు చీర అంచును పట్టింది.
గుంజిన. ఇంకో కొమ్మ పట్టింది.
దూరం కెళ్ళి జమ్ములమ్మ ఒర్రింది:
"గుంజకు!
ఒక్క అడుగు ఎనక్కెయ్.
అదే ఇడుస్తది."